అడ్డం కట్టిన జంపఖానా

ఆ రోజు నేను జంపఖానాను బండి మీద అడ్డంగానే కట్టాను. ఈ మాట పోలీసులకు చెప్పలేదు. మెజిస్ట్రేటు అడిగినప్పుడు చెప్పలేదు. కేసు గెలిచాక భుజం తట్టినవాళ్ళకూ చెప్పలేదు. చెప్పని మాట ఇంకొకటి కూడా ఉంది. నా వల్ల కింద పడ్డ అమ్మాయి ఫోను ఆ సమయంలో ఆమె చేతిలో లేదు. స్కూటీ డిక్కీలో, జిప్పు వేసిన సంచిలో ఉంది. అది నాకు తెలుసు. తెలిసి కూడా కోర్టులో ఆమెను ఫోను గురించే అడిగాను. ఈ రెండు మాటలు నేను దాచుకున్నందుకు ఆమె స్కూటీ పోయింది. ఫోను చూసుకుంటూ పడిపోయిందన్న పేరు ఆమె ఇంట్లో ఆమెకు మిగిలింది.

మాది వరంగల్లో కొత్తవాడ. మా నాయన మగ్గం నేశాడు. నేనూ కొన్నేళ్ళు నేసి, నడుము సహకరించక, నేసినవాళ్ళ దగ్గర సరుకు తీసుకుని దుకాణాలకు, ఫంక్షన్ హాళ్ళకు చేరవేసే పనిలోకి మారాను. పెళ్ళిళ్ళలో జనం బారులు తీరి కూర్చునే పెద్ద జంపఖానాను చుడితే మనిషి నిలువంత కట్ట అవుతుంది. దాన్ని మోటారు సైకిలు పక్కన నిలువునా, ముందు చక్రం గార్డు నుంచి వెనక చక్రం దాకా ఆనించి కట్టాలి. ఒక్కడి వల్ల కాదు. ఒకరు ఎత్తి పట్టుకోవాలి, ఒకరు తాడు బిగించాలి. అదే వెనక సీటు మీద అడ్డంగా పడేస్తే రెండు ముళ్ళతో అయిపోతుంది. కాకపోతే రెండు కొసలూ రెండు పక్కలా చెయ్యి చాచినంత బయటికి వస్తాయి.

మా వాడలో అందరం అడ్డంగానే తీసుకుపోతాం. సందులో కట్ట ఉన్న బండి వస్తుందంటే ఎదురొచ్చేవాళ్ళు గోడకు ఒత్తుకుని నిలబడతారు. స్కూలు పిల్లలు తల వంచి కట్ట కింద నుంచి దూరిపోతారు. హారన్ కొట్టే పని కూడా ఉండదు. చిన్నప్పటి నుంచి అట్లా చూసీ చూసీ, లోకమంతా మనకు దారి ఇస్తుందనుకోవడం అలవాటైపోతుంది. మా సందు దాటితే ఆ మర్యాద ఎవరికీ తెలియదన్న సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు.

ఆ రోజు కాజీపేటలో ఒక ఫంక్షన్ హాలుకు పొద్దున్నే సరుకు అందాలి. నేను కట్టను సీటు మీద అడ్డంగా వేస్తుంటే మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది.

"జర ఆగు, చెయ్యి కడుక్కొని వస్తాన. నిలువు కడ్దాం. పెద్ద రోడ్డు మీద పోతానవ్."

"టైమయితాంది. ఆ హాలోడు ఫోన్ మీద ఫోన్ చేస్తాండు."

"చెయ్యనీ. పెండ్లోళ్ళు కొద్దిసేపు నిలబడితె కాళ్ళేం ఇరగవు."

నేను నవ్వి ముడి బిగించాను.

హనుమకొండ దాటి కాజీపేట రోడ్డు ఎక్కాక నా ముందు ఒక స్కూటీ పోతోంది. నడుపుతున్నది ముప్పై ఏళ్ళ లోపు అమ్మాయి. తన పక్కన తను సక్రమంగానే పోతోంది. నేను కుడివైపు నుంచి దాటాను. బండి దాటింది, నేను దాటాను, కట్ట ఎడమ కొస దాటలేదు. అది ఆమె హ్యాండిల్‌కు తగిలి నా బండిని పక్కకు గుంజింది. తగిలిందేమోనన్న అనుమానం కాదు. తగిలిందని నా నడుముకు తెలిసింది. ఆమె ఎడమవైపుకు పడింది. నేను కొంచెం ముందుకు పోయి పడ్డాను. తాడు తెగి కట్ట రోడ్డు మీద దొర్లింది. ఎవరో ఇద్దరు దాన్ని ఈడ్చి పక్కన పడేశారు.

నాకు మోకాలు గీరుకుపోయింది, అంతే. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఎక్కడో ఫోను మోగుతోంది.

"డిక్కీల ఉంది అన్నా, జర తియ్యి. ఇందాకటి సంది మోగుతాంది" అంది.

తాళం బండికే ఉంది. డిక్కీ తెరిచాను. లోపల రక్తం సీసాలు పెట్టుకునే చల్లటి డబ్బా, దాని పక్కన సంచి. ఆమె ఒక ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నే ఇండ్లకు పోయి, పరగడుపున ఉన్నవాళ్ళ దగ్గర రక్తం తీసుకుని వస్తుంది. సంచి జిప్పు తీసి ఫోను పట్టుకున్నాను. తెర మీద 'అత్తమ్మ' అని ఉంది. ఎత్తి, "అమ్మా, మీ కోడలు బండి మీదికెల్లి పడ్డది. భయం లేదు, దవాఖానకు తీసుకపోతాన" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను అడిగిన మొదటి మాట, "సీసలు పగల్లేదు గద అన్నా?" అని. పగల్లేదని చెప్పాను. ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయాను. మణికట్టు విరిగింది. కట్టు వేయించుకుని బయటికి వచ్చి, నొప్పితోనే, "నువ్వు లేకుంటె ఎవలు తెచ్చేటోళ్ళు" అంది. తనను పడేసినవాడికే ఆమె ఆ మాట చెప్పిందన్నది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

ఆమె భర్త రైల్వేలో పట్టాల పని చేస్తాడు. సాయంత్రం వచ్చి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. అది అతని హక్కు. కానిస్టేబులు నన్ను అడిగాడు: "లోడ్ ఎట్ల కట్టినవయ్యా?"

"మంచిగనే కట్టిన సార్."

నా మీద కేసు పడింది. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషికి దెబ్బ తగిలించడం. మా వాడలో తెలిసినవాళ్ళు చెప్పారు, ఒప్పుకుంటే జరిమానాతో పోతుందని. కానీ లైసెన్సు కొన్నాళ్ళు ఆపేస్తారని కూడా చెప్పారు. బండి లేకపోతే నా పని లేదు. నడుము ఇంక మగ్గం గుంటలో కూర్చోనివ్వదు. ఆ భయం నిజమైనదే. దానితో నేను చేసిన పనికి సాకు దొరకదు.

ఒక లాయరు దగ్గరికి పోయాను. పెద్దాయన. అన్నీ విని కళ్ళద్దాలు తీసి, "కట్ట ఎట్ల కట్టినవ్? నాకు మాత్రం నిజం చెప్పు. కోర్టుకు ఏం చెప్పాల్నో నేను చూసుకుంట" అన్నాడు. రేపు కాగితాలు తెస్తానని లేచి వచ్చాను. మళ్ళీ పోలేదు. ఫీజు ఇచ్చుకోలేక నా కేసు నేనే వాదించుకుంటున్నానని వాడలో చెప్పుకున్నాను. ఒక్క మనిషికి కూడా నిజం చెప్పలేకనే నేను లాయరును పెట్టుకోలేదు.

మొదటిరోజు మెజిస్ట్రేటు అడిగారు. ఆమె మా చెల్లెలి వయసుంటుంది. అప్పటికే అలసిపోయిన గొంతు.

"లాయరు లేడా? పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టు తరఫున ఇస్తాం."

"వద్దు మేడం. నా ముచ్చట నేనే చెప్పుకుంట."

"చెప్పుకోవడం వేరు, వాదించడం వేరు. తెలుసు కదా?"

"తెలుసు మేడం."

నాకు తెలియదు. తర్వాత నేర్చుకున్నాను. కోర్టు వరండాలో కూర్చుని నేర్చుకున్నాను. పొద్దున పోతే పేరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు. బాత్రూముకు పోవాలన్నా పక్కవాడికి చెప్పి పోవాలి. పిలిచినప్పుడు లేకపోతే వారంటు. చాలాసార్లు మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి వాయిదా వేసేవారు. సాక్షి రాలేదని, మేడం సెలవని, ఏదో ఒకటి. తాగి బండి నడిపి దొరికినవాళ్ళు గుంపులుగా వచ్చి, తలలు వంచుకుని ఒప్పుకుని, జరిమానా కట్టి పోయేవాళ్ళు. వాళ్ళను చూస్తే ఒక్కోసారి ఈర్ష్య పుట్టేది. వాళ్ళలో ఒకడు నన్ను అడిగాడు:

"ఏమన్నా, నువ్వే వాదించుకుంటానవట. నల్లకోటు కుట్టిచ్చుకున్నవా?"

"దర్జీకి ఇచ్చిన. ఇంక గుండీలు పడలే" అన్నాను. బెంచి మీద అందరూ నవ్వారు. నాకు ఆ నవ్వు బాగుండింది. అక్కడి నుంచే నేను చెడిపోవడం మొదలైంది.

ఖాళీగా ఉన్నప్పుడు లోపలికి పోయి వెనక నిలబడి వేరేవాళ్ళ కేసులు వినేవాణ్ణి. మంచి లాయర్లు ఎక్కువ మాట్లాడరు. చిన్న ప్రశ్న అడుగుతారు, అవుననో కాదనో అనిపిస్తారు, కావలసింది దొరకగానే కూర్చుంటారు. ఎక్కడ ఆపాలో తెలియడమే ఆ విద్య. అది నాకు త్వరగానే పట్టుబడింది.

విచారణ రోజు మొదట కానిస్టేబులు వచ్చాడు. బండి మీద ప్రమాదకరంగా లోడు కట్టి నడిపాడని చెప్పాడు. నేను లేచి అడిగాను.

"మీరు వచ్చేసరికి కట్ట బండి మీద ఉందా సార్?"

"లేదు. రోడ్డు పక్కన ఉంది."

"అయితే ఎట్లా కట్టానో మీరు చూడలేదు."

"చూడలేదు."

కూర్చున్నాను. వెనక ఎవరో "వారెవ్వా" అని చిన్నగా అనడం వినిపించింది.

తర్వాత ఆమె వచ్చింది. కట్టు తీసేశారు కానీ ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో పట్టుకుని నిలబడింది. భర్త తలుపు దగ్గర నిలబడ్డాడు. అతని పక్కన పెద్దావిడ. అత్తగారన్నమాట. ప్రభుత్వ లాయరు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పింది. కట్ట అడ్డంగా ఉండెనని, తన హ్యాండిల్‌కు తాకిందని చెప్పింది. అంతా నిజమే.

నేను లేచాను. మామూలుగా అయితే ఇద్దరి మధ్యా ఒక లాయరు ఉంటాడు. దెబ్బ తగిలించినవాడు తల దించుకుని బోనులో నిలబడితే చాలు. నా కేసు నేనే పట్టుకున్నాను కాబట్టి, ఆమె ముఖంలోకి చూసి నేనే అడగాల్సి వచ్చింది.

"అమ్మా, నేను మీ వెనక నుంచి వచ్చాను కదా. కట్ట ఎట్లా ఉందో మీరు ఎప్పుడు చూశారు?"

"తాకినప్పుడు."

"చూశారా, తాకిందా?"

ఆమె ఆలోచించింది. "తాకింది" అంది.

"చూడలేదన్నమాట. సరే. పడకముందు మీ ఫోను మోగిందా?"

"మోగింది. కని అది డిక్కీల..."

"మోగిందా లేదా, అంతవరకు చెప్పండి చాలు."

"మోగింది."

"ఎవరు చేశారు?"

ఆమె తలుపు వైపు చూసింది. "మా అత్తమ్మ."

"ఆ ఫోను చూద్దామని మీకు అనిపించిందా?"

"ముంగట ఆగి చూద్దామనుకున్న."

నేను కూర్చున్నాను. అక్కడే ఆపాలని నాకు తెలుసు. ఇంకొక్క ప్రశ్న అడిగితే, ఫోను ఎక్కడ ఉండె, ఎవరు తీశారు అంటే, నా చెయ్యే బయటికి వచ్చేది. ఆమె నా వైపు కొద్దిసేపు చూసింది. కోపంగా కాదు. నేను ఏదో మరిచిపోయి ఉంటాను, ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటాను అన్నట్టు చూసింది. ప్రభుత్వ లాయరు ముందు ఆ రోజు చాలా ఫైళ్ళు ఉన్నాయి. తిరిగి అడగడానికి ఏమీ లేదన్నాడు.

చివర మెజిస్ట్రేటు నన్ను అడిగారు. సాక్షులు చెప్పింది విన్నావు కదా, కట్ట అడ్డంగా కట్టి నిర్లక్ష్యంగా నడిపావంటున్నారు, నువ్వేమంటావు అని.

"అబద్ధం మేడం."

విచారణ మొత్తంలో నేను నా నోటితో ఇచ్చిన జవాబు ఆ ఒక్కటే. మిగిలినవన్నీ ప్రశ్నలే. ప్రశ్న అబద్ధం ఎట్లా అవుతుందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

అనుమానం ఉంది కాబట్టి వదిలేస్తున్నామని తీర్పు వచ్చింది. వాడలో నాకు పెద్ద పేరు వచ్చింది. చాయ్ హోటల్ దగ్గర కూర్చోబెట్టి ఆ ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. ఎవరికైనా చలానా పడితే నా దగ్గరికి పంపేవారు. ఇంటికి పోతే మా ఆవిడ చెక్క పీట మీద కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. తల ఎత్తకుండా, "గెలిచినవ్ గద. ఇగ పండుకో" అంది. ఆ తర్వాత ఆ కేసు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం ఆ రోజు నుంచి కట్టను నిలువునే కట్టుకుంటున్నాను. తాడు పట్టుకోవడానికి ఆమే వస్తుంది. ముడి బిగించాక లోపలికి పోతుంది.

ఏడాది పైన అయి ఉంటుంది. నా బండి రిపేరుకు ఇచ్చి హనుమకొండ నుంచి కాజీపేటకు షేర్ ఆటో ఎక్కాను. ఎదురు సీట్లో ఆమె. ఒళ్ళో ఆ చల్లటి డబ్బా. దిగిపోదామనుకున్నాను. ఆటో కదిలింది.

"ఏం లాయర్ సాబ్, మంచిగున్నవా?" అంది.

తల ఊపాను. చెయ్యి ఎట్లా ఉందని అడిగాను.

"బరువెత్తితె గుంజుతది. పని ఆగలే."

"స్కూటీ?"

"అమ్మిండ్రు." కిటికీ లేని ఆటో. దుమ్ముకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మాట్లాడింది. "ఆటోలల్ల తిరిగి నాలుగిండ్లకు పోయేటి కాడ రెండిండ్లకు పోతాన. కోర్టే ఆయనను వదిలేసిందంటె తప్పెవలిదని మా ఇంట్ల మాట. మా అత్తమ్మయితె, నేను ఫోన్ చేస్తె బండి మీద ఎత్తమన్ననా అంటది. ఎత్తలే అత్తమ్మా, డిక్కీల ఉండె అంటె, మరి కోర్టుల మోగిందన్నవు గద అంటది. నువ్వడిగిన మాటనే రోజు అడుగుతరు."

మా పక్కన కూర్చున్న ముసలాయన ఇద్దరి ముఖాలూ చూసి బయటికి తిరిగాడు.

"తప్పయింది చెల్లె" అన్నాను. ఆటో చప్పుడులో అది నాకే సరిగా వినపడలేదు.

"నాకు చెప్తె ఏం లాభం?" అంది. "నాకు తెల్వదా? తెల్వనోళ్ళకు చెప్పు. మా ఇంట్ల చెప్పు."

ఎక్కడ ఉంటారో చెప్పి దిగిపోయింది.

వెంటనే పోయానని రాయాలని ఉంది. పోలేదు. ముందు ఆ పెద్ద లాయరు దగ్గరికి పోయి, ఈసారి నిజం చెప్పి, కోర్టులో ఇప్పుడు చెప్పుకోవచ్చా అని అడిగాను. ఆయన చివరిదాకా విన్నాడు. "తీర్పు అయిపోయింది, ప్రభుత్వం అప్పీలుకు పోలేదు. కోర్టుకు నీతోని ఇగ పని లేదు. నీకెవరితోని పని ఉన్నదో వాళ్ళ దగ్గరికి పో" అన్నాడు. అప్పుడూ పోలేదు. రెండుసార్లు కాజీపేట దాకా పోయి, సరుకు దించి, తిరిగి వచ్చాను. ఆ ఇంట్లో ఏమంటారోనన్న భయం కొంత. చాయ్ హోటల్లో నాకున్న పేరు పోతుందన్న భయం అంతకంటే ఎక్కువ. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అదే నిజం.

చివరికి మా ఆవిడకు ఆటోలో విన్నదంతా చెప్పాను. ఆమె కండె ఆపి అడిగింది.

"ఆ పిల్ల బండి అమ్మేసిండ్రా?"

"ఆఁ."

"మరి ఇంక కూసున్నవేంది?"

మరుసటి ఆదివారం ఇద్దరం కలిసి పోయాం. రైల్వే క్వార్టర్లలో కింది ఇల్లు. అత్తగారు గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది.

"నువ్వా? ఇంకేం అడగనీకి వచ్చినవ్?"

"అడగనీకి రాలే అమ్మా. చెప్పనీకి వచ్చిన."

భర్త లోపలి నుంచి బనీనుతో వచ్చాడు. కూర్చోమనలేదు. కోడలు వంటింటి దగ్గర నిలబడింది. మా ఆవిడ నా వెనక, తలుపు బయటే నిలబడిపోయింది. నేను నిలబడే చెప్పాను.

"ఆ రోజు మీరు ఫోన్ చేస్తె ఎత్తింది నేనే అమ్మా. మీ కోడలు పడ్డదని చెప్పింది నేనే. ఆ గొంతు యాదికున్నదా?"

ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉంది. "ఎవలో మొగమనిషి మాట్లాడిండు. నువ్వా అది?"

"నేనే. ఆ ఫోన్ డిక్కీల ఉండె. సంచిల ఉండె, జిప్పు పెట్టి ఉండె. తాళం తిప్పి నా చేతులతోని తీసిన. మీ కోడలు దాన్ని ముట్టలే."

"మరి కోర్టుల గట్లెందుకు అడిగినవ్?"

"నేను బయటపడాలని."

"జడ్జమ్మ వదిలేసింది గద నిన్ను."

"ఆమెకు నేను నిజం చెప్పలే. చెప్తె వదిలేటిది కాదు."

భర్త అప్పుడు నోరు తెరిచాడు. "అయితే కట్ట అడ్డం కట్టినవా?"

"అడ్డమే కట్టిన. మా ఇంటామె వద్దన్నా వినలే. దాటంగ తాకింది. తాకిందని నాకు అప్పుడే ఎరుక. మీ ఇంటామె సక్కగనే పోతాంది. ఆమె బండి నడుపుట్ల ఏ తప్పూ లేదు. ఈ మాట ఎక్కడ చెప్పమన్నా చెప్త. మీ చుట్టాలల్ల చెప్పమన్నా వచ్చి చెప్త."

అతను తన భార్య వైపు తిరిగాడు. అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "నేనప్పుడు ఫోన్ చెయ్యకపోతే" అని మొదలుపెట్టి ఊరుకుంది.

"మీ ఫోన్‌తోని ఏం కాలే అమ్మా. ఎవరు చేసినా చెయ్యకున్నా ఆ కట్ట తాకేదే" అన్నాను. ఆ మాట ఆమెకు కూడా ఎవరో చెప్పవలసి ఉందని అక్కడ నిలబడ్డాకే నాకు తెలిసింది.

ఇంక మిగిలింది ఒక్కరే. నేను వంటింటి వైపు తిరిగాను. కోర్టులో ఆమె ముఖంలోకి సూటిగా చూసి అడగగలిగినవాణ్ణి, ఇక్కడ చూడటానికి కొంతసేపు పట్టింది.

"చెల్లె, ఆ రోజు నిన్ను పడేసిన. పడేసి, నువ్వే పడ్డవని అందరి ముంగట నీ నోటితోనే అనిపిచ్చిన. అది మొదటిదాని కంటె పెద్ద తప్పు. ఇన్ని రోజులు రాకపోవుడు ఇంకో తప్పు. మూడూ నావే. నన్ను మాఫ్ చెయ్యి."